సౌనాకి ఒంటరిగా

"శనివారం శనివారం సౌనా పొయ్యి మూడు విడతలు మండించడం నా వల్ల కాదు," అన్నాడు ఇల్కా, కట్టెల బుట్టను వంటగది గుమ్మంలో ధబ్బున దించుతూ. "ఇదివరకు రెండే. ముందు మీ ఆడవాళ్లు ముగ్గురూ, తర్వాత నేను. ఇప్పుడేమో ముందు మీరిద్దరూ, తర్వాత నేను, అందరి తర్వాత మా అమ్మ ఒక్కతీ. అప్పటిదాకా రాళ్లు చల్లారకుండా ఎవరు కాపలా కాస్తారు?"

"ఆ మాట నన్నడుగుతావేం? మీ అమ్మనే అడుగు," అంది మిర్వా. బంగాళాదుంపల తొక్క తీస్తూ ఆమె తలెత్తలేదు.

"అడిగాను. ఒక్కతే వెళ్తే హాయిగా ఉంటుందట. ఇన్నేళ్లూ లేని హాయి ఇప్పుడెక్కడి నుంచి ఊడిపడింది? నువ్వే ఏదో అనుంటావు."

"నేనేమన్నాను? కాఫీ దగ్గర రెండో బన్ను తీసుకుంటుంటే వద్దన్నాను. ఒంట్లో అంత షుగర్ పెట్టుకుని తినొచ్చా? అది కూడా తప్పేనా?"

"ఏమన్నావన్నది కాదు. ఎలా అన్నావన్నది."

"నర్సు గొంతుతో అంది నాన్నా," అంది సేన్యా. బల్ల చివర కూర్చుని గోళ్లకు రంగు వేసుకుంటోంది. "'ఈ రోజు మనం బన్ను ఒక్కటే తిందాం, సరేనా' అని. అదేదో అమ్మ కూడా సగం కొరుక్కుని తినబోతున్నట్టు. నాతో కూడా అంతే. 'మనం లెక్కలు చేసుకున్నామా' అంటుంది. నేనొక్కదాన్నే చేసుకోవాలి, అడిగేటప్పుడు మాత్రం మనం!"

ఇల్కా నవ్వాడు. మిర్వాకి నవ్వు రాలేదు. ఆమె ఏదో అనబోయేంతలో వెనక గది తలుపు తెరుచుకుని ఎల్వీ వచ్చింది. ఇల్కా తల్లి. సేన్యా మాటలు నేర్చినప్పుడు నానమ్మను ముమ్మో అని పిలవడం మొదలుపెట్టాక, ఈ ఇంట్లో కొడుక్కీ కోడలికీ కూడా ఆమె ముమ్మోయే అయిపోయింది. భుజాన తువ్వాలు, చేతిలో మార్చుకునే బట్టల సంచి, కాళ్లకు తనే అల్లుకున్న మందపాటి ఉన్ని మేజోళ్లు.

"నా గురించేనా?" అంది.

"కట్టెల గురించి," అన్నాడు ఇల్కా.

"కట్టెలు నేనే తెచ్చుకుంటాలే. నా చేతులింకా పడిపోలేదు. సౌనాకి ఒంటరిగా వెళ్లి రాగలిగిన మనిషిని నేనింకా." ఆ మాట కొడుకుతో అన్నా, చూపు మాత్రం కోడలి వైపే ఉంది.

ఎత్తిపొడుపు అనుకుంది మిర్వా. బన్ను సంగతి ఇంకా మరిచిపోలేదన్నమాట. అలిగిన మనిషిని బతిమాలడం మొదటి నుంచీ ఆమెకు చేతకాదు. పైగా, మనసులో మాట చెప్పుకోవాలంటే, ముమ్మో లేకుండా సౌనాలో, పెరట్లోని ఆ ఆవిరిస్నానం గదిలో, కూతురితో కూర్చోవడం ఆమెకు బాగానే ఉంది. ముమ్మో ఉంటే పై బల్ల మీద వేడి చాలదని కాలిన రాళ్ల మీద నీళ్లు చల్లుతూనే ఉంటుంది. ఇప్పుడా గొడవ లేదు. అందుకని ఆ విషయం ఆమె అక్కడితో వదిలేసింది.

*

మిర్వా మునిసిపాలిటీ తరఫున ఇళ్లకు వెళ్లి చూసే నర్సు. సరస్సు చుట్టూ చెల్లాచెదురుగా ఉన్న ఇళ్లలో ఒంటరిగా బతికే ముసలివాళ్ల దగ్గరికి వెళ్లి, ఎవరికి ఏ సాయం కావాలో, ఎవరు ఇంకా ఇంట్లో ఉండగలరో, ఎవరు ఉండలేరో తేల్చడం ఆమె పని. ఆ శరదృతువులో హేలి అనే కొత్త నర్సును ఆమె వెంట తిప్పుకుని పని నేర్పుతోంది.

"ఎలా ఉన్నారు అని మాత్రం అడగకు," అని చెప్పింది మొదటి రోజే, కారులో. "మన వాళ్లెవరైనా ఏమంటారు? బాగానే ఉన్నానంటారు. కాలు విరిగి ఎముక బయటికొచ్చినా బాగానే ఉన్నానంటారు. నువ్వు సౌనా గురించి అడుగు. ఒంటరిగా వెళ్తున్నారా అని. ఆ ఒక్క ప్రశ్నలో అన్నీ ఉన్నాయి. నీళ్ల బకెట్టు ఎత్తగలరా, పై బల్ల ఎక్కగలరా, వేడికి కళ్లు తిరుగుతున్నాయా, తడి ఒంటి మీద బట్టలు వేసుకోగలరా, వంగి మేజోడు తొడుక్కోగలరా. అడిగి ఊరుకోకు. చూడు."

ఆ వారం వాళ్లు వెళ్లింది తౌనో అనే ఆయన ఇంటికి. తౌనో గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా వేసుకుని, కాఫీ కాచి సిద్ధంగా ఉన్నాడు. ప్రతి ప్రశ్నకూ టకటకా జవాబు చెప్పాడు. సౌనాకా? ఎందుకు వెళ్లను, ప్రతి శనివారం, ఒక్కడినే. హేలి సంతోషంగా తల ఊపుతోంది. వెళ్లొస్తామని లేచాక మిర్వా సరాసరి కారు దగ్గరికి పోకుండా పెరట్లోకి నడిచింది. సౌనా గది ముందు మేపుల్ ఆకులు గడప అంచు దాకా పేరుకుని ఉన్నాయి. ఒక్క ఆకు కూడా నలగలేదు. హేలి ఆ ఆకుల్నీ మిర్వానీ మార్చి మార్చి చూసి కారెక్కింది.

గురువారం బఠాణీ సూప్ తాగుతూ మిర్వా ఈ కథ ఇంట్లో చెప్పింది. పేరు చెప్పలేదు. చెప్పకూడదు. కానీ ఊరు చిన్నది. ఇస్త్రీ చొక్కా అనగానే ఇల్కాకి అర్థమైపోయింది.

"డిటెక్టివ్ ఉద్యోగం రాక నర్సువయ్యావు నువ్వు," అన్నాడు.

"చెబితే నమ్మడానికి, నేనేం పాస్టర్నా? ఆకుల్ని అడిగాను, ఆకులే చెప్పాయి."

సేన్యా పకపకా నవ్వింది. ముమ్మో నవ్వలేదు. రొట్టె ముక్క మీద వెన్న రాసుకుంటూ, "మరి ఆయన్నేం చేస్తారు?" అని అడిగింది.

"ఇంకేముంది, చర్చి వీధికే." చర్చి వీధి అంటే అక్కడున్న వృద్ధుల నివాసం. ఊళ్లో ఎవరూ దాన్ని ఇంకో పేరుతో పిలవరు. "సౌనాకి ఒంటరిగా పోలేని మనిషి ఇంట్లో ఒంటరిగా ఉండలేడు ముమ్మో. నా లెక్క అంతే. ఇంతవరకు తప్పలేదు."

"ఆకులన్నమాట," అంది ముమ్మో, ఎటో చూస్తూ.

ఆ శనివారం మిర్వా కిటికీలోంచి చూస్తే ముమ్మో పెద్ద చీపురుతో సౌనా దారి ఊడుస్తోంది. వెనక తలుపు నుంచి సౌనా గడప దాకా శుభ్రంగా, ఒక్క ఆకు లేకుండా. ఈ వయసులో ఎంత ఓపికో అనుకుని మిర్వా సంతోషించింది.

*

అక్టోబరులో ఒక రోజు ఉతకాల్సిన బట్టల కోసం మిర్వా ముమ్మో గదిలోకి వెళ్లింది. ముమ్మో పెరట్లో ఉంది. గది ఎప్పటిలాగే పొందిగ్గా ఉంది. మంచం మీద ముడత లేని దుప్పటి, కిటికీలో జెరేనియం కుండీలు. తలుపు తీయగానే ఒక వాసన వచ్చింది. తియ్యగా, కొంచెం కుళ్లిన వాసన. సన్నగానే ఉంది.

ఆ వాసన ఆమె ముక్కుకు తెలుసు. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఎన్నో గదుల్లో, దుప్పటి ఎత్తకముందే, అదేమిటో ఆమెకు తెలిసిపోయేది. ఒక్క క్షణం తలుపు పట్టుకుని నిలబడింది. తర్వాత తడి ఉన్ని అయి ఉంటుందనుకుంది. పొయ్యి మీద ఆరేసిన మేజోళ్లు. మూసి ఉంచిన గది. పూలకుండీలో నిలిచిన నీళ్లు. ఎన్ని కారణాలైనా దొరికాయి. ఆ రోజు ఆమె అప్పటికే ఎంతోమంది పాదాలు తిప్పి చూసి వచ్చింది. ఇంటికొచ్చాక ఇంకో జత పాదాలు చూడాలనిపించలేదు. అందులోనూ తన మీద అలిగి ఉన్న మనిషివి. మేజోళ్లు విప్పు అంటే, మళ్లీ నర్సు గొంతంటారు.

కిటికీ తెరిచి, బట్టలు తీసుకుని వెళ్లిపోయింది.

*

మొదటి మంచు పడిన శనివారం ముమ్మో సౌనా నుంచి ఎంతకీ రాలేదు. ఉత్తరాది చలికాలం కదా, బయట మధ్యాహ్నమే చీకటి పడింది. ఇల్కా బార్బెక్యూ సాసేజీలు వేయించి బల్ల మీద పెట్టాడు. సేన్యా బూట్లు తొడుక్కుని పిలవడానికి వెళ్లింది. తిరిగొచ్చి గుమ్మంలోనే ఆగి, "అమ్మా, నువ్వోసారి రా," అంది. కేకేయలేదు. ఆ మెల్లటి గొంతు విన్నాకే మిర్వా పరుగెత్తింది.

సౌనా ముందు గదిలో ముమ్మో నేల మీద కూర్చుని ఉంది. స్కర్టు, స్వెటర్ అన్నీ ఒంటి మీదే ఉన్నాయి. జుట్టు మాత్రం తడిగా ఉంది. ఒక కాలికి మేజోడు ఉంది. రెండోది చేతిలో ఉంది. "వంగి లేచేటప్పుడు కొంచెం తూలాను, అంతే," అంది. "మీరెందుకు ఇంతమంది వచ్చారు?"

మిర్వా లోపలి తలుపు తీసి చూసింది. రాళ్లు వేడిగా ఉన్నాయి. ఇల్కా తల్లి కోసం నింపిపెట్టిన బకెట్టులో నీళ్లు నిండుగానే ఉన్నాయి. పై బల్ల మీద చెయ్యి వేసింది. పొడిగా ఉంది. ఇల్కా తర్వాత ఎవరూ కూర్చోలేదు. ఈ రోజే కాదు, చాలా శనివారాలుగా ముమ్మో ఇక్కడ కూర్చోలేదని ఆమెకు అర్థమైంది. ముమ్మో వచ్చి ముందు గదిలో కూర్చుని, జుట్టు తడుపుకుని, సమయం చూసుకుని తిరిగి వచ్చేస్తోంది.

ఆమె కిందకు వంగి ముమ్మో కాలు చేతిలోకి తీసుకుంది. ముమ్మో వెనక్కి లాక్కోబోయింది, తర్వాత ఊరుకుంది. పాదానికి పాత దిండు గలీబు చింపి చుట్టిన గుడ్డ ఉంది. దాని కింద రొట్టెలు కాల్చే కాగితం. అది తీయగానే ఆ వాసన వచ్చింది. అక్టోబరులో వచ్చిందే. ఇప్పుడు గదంతా నిండిపోయింది. పాదం అంచు, చిటికెన వేలు, పక్క వేలు నల్లబడ్డాయి.

"ఇదెలా అయింది?"

"ఎండాకాలం చివర్లో. మీరిద్దరూ బయటికి వెళ్లాక రాళ్ల మీద చివరి గరిటె నీళ్లు నేను పోస్తానన్నాను చూడు, ఆ రోజు. పొయ్యి ఇనుప తలుపుకు కాలు ఆనుకుంది. ఆనుకున్న సంగతే తెలియలేదు. కమురు వాసన వచ్చాక కిందికి చూశాను."

"నొప్పి పుడుతోందా?"

"లేదు. ఏమీ లేదు. అందుకే ఫరవాలేదనుకున్నాను."

నొప్పి అని ఉంటే మిర్వా గుండె కొంచెం కుదుటపడేది. ఆమె సేన్యా వైపు తిరిగి, "నాన్నని కారు తీయమను," అంది.

*

పెద్దాసుపత్రిలో డాక్టరు కుర్రవాడు. అలసిపోయి ఉన్నాడు గానీ మర్యాదగా మాట్లాడాడు. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ పోయిందని, కాలిన చోట కుళ్లు ఎముక దాకా వెళ్లిందని, రెండు వేళ్లు తీసేయక తప్పదని, పాదం నిలుస్తుందో లేదో తర్వాత చెప్తానని అన్నాడు. ఇంకొంచెం ముందు వచ్చి ఉంటే కట్టు కట్టి మందులతో సరిపోయేదన్నాడు.

"ఇంట్లో చూసుకునేవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"లేకేం," అంది ముమ్మో, దిండు మీద తల కొంచెం ఎత్తి. "మా కోడలు నర్సు."

గొంతులో ఎత్తిపొడుపేమీ లేదు. గర్వంగానే చెప్పింది. డాక్టరు మిర్వా వైపు చూశాడు. ఎంతసేపో చూడలేదు, ఆ తర్వాత కాగితాలు చూసుకున్నాడు. ఆ కొద్ది చూపుకే మిర్వా కళ్లు కిటికీ వైపు తిప్పుకుంది. బయట మంచు కురుస్తోంది. ఆమె కోటు గుండీలు పెట్టుకుంది, విప్పింది, మళ్లీ పెట్టుకుంది.

తిరుగు దారిలో ఇల్కా కారు నడుపుతున్నాడు. సగం దూరం వచ్చాక, రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండానే, "రోజంతా ఊళ్లోవాళ్ల కాళ్లే కదా చూస్తావు," అన్నాడు.

మిర్వా పక్కకు తిరిగి కిటికీ అద్దం మీది ఆవిరి తుడిచింది.

"అలా అనకూడదు నేను," అన్నాడు ఇల్కా కాసేపయ్యాక. "అది నా తల్లి. నేనైనా చూడొచ్చు."

"నీకు తెలియదు. నాకు తెలుసు."

"ఏం తెలుసు?"

అద్దం తుడిచే కర్ర అటూ ఇటూ కొట్టుకుంటోంది.

మర్నాడు ఆమె ఒంటరిగా ఆసుపత్రికి వెళ్లింది. ముమ్మోకి ఇష్టమైన ఏలకుల బన్ను ఒకటి కాగితంలో చుట్టి తీసుకెళ్లింది. అది చూసి ముమ్మో, "ఒకటేనా?" అని నవ్వింది. మిర్వాకి ఏడుపొచ్చింది. కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుంది.

"నాతో ఎందుకు చెప్పలేదు ముమ్మో?"

"చెబితే చర్చి వీధికి పంపిస్తావని."

"నేనెందుకు పంపిస్తాను?"

"నీ లెక్క నువ్వే చెప్పావుగా. ఎప్పటి నుంచో చెప్తూనే ఉన్నావు, ఆ బల్ల దగ్గరే, సూప్ తాగుతూ. సౌనాకి ఒంటరిగా పోలేనివాళ్లు ఇంట్లో ఉండలేరని. నేను పోతున్నానని నీకు కనిపించాలి కదా. పొగ కనిపించాలి, దారి కనిపించాలి, జుట్టు తడిసి ఉండాలి." ముమ్మో బన్ను తుంచి నోట్లో వేసుకుంది. "అడిగి ఊరుకోవు, చూస్తావు అన్నావు. చూసేవాళ్లకి ఏం కావాలో అది చూపించాను."

మిర్వా చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె చెప్పాల్సింది ఇంకా ఉంది. చెప్పకుండా లేచి వెళ్లిపోవచ్చు. ఎవరికీ ఎప్పటికీ తెలియదు.

"నాకు వాసన వచ్చింది," అంది. "అక్టోబరులో. నీ గదిలోకి బట్టల కోసం వచ్చినప్పుడు. అదేమిటో నాకు తెలిసింది. తడి ఉన్ని అని నాకు నేనే చెప్పుకుని కిటికీ తెరిచి వెళ్లిపోయాను."

ముమ్మో నమలడం ఆపింది. పక్క మంచం మీది ఆమె రేడియో మెల్లగా మోగుతోంది.

"తెలుసు," అంది ముమ్మో. "లోపలికొచ్చేసరికి కిటికీ తెరిచి ఉంది. ఇక దాచడానికి ఏమీ లేదు, మిర్వాకి తెలిసిపోయింది అనుకున్నాను. ఆ సాయంత్రం మేజోడు విప్పి, గుడ్డ తీసేసి, మంచం మీద కూర్చున్నాను నీ కోసం. నువ్వు వస్తావని. వంటింట్లో గిన్నెలు కడుగుతున్న చప్పుడు వినిపిస్తోంది. తర్వాత నువ్వు మేడ మీదికి వెళ్లావు." దుప్పటి అంచు సవరించుకుంది. "మళ్లీ గుడ్డ చుట్టుకున్నాను. అంత పెద్ద విషయం కాదేమో, పెద్దదే అయితే తను రాదా, అనుకున్నాను."

క్షమించమని అందామనుకుంది మిర్వా గానీ, ఈ మాటకు అది మరీ చిన్నదనిపించింది. ముమ్మో ఒళ్లో పడ్డ బన్ను తునకల్ని చెయ్యి చాచి ఒక్కొక్కటే ఏరి కాగితంలో వేసింది.

*

పాదం నిలిచింది. రెండు వేళ్లు పోయాయి. ముమ్మో క్రిస్మస్ ముందు వాకరు పట్టుకుని ఇంటికొచ్చింది.

ఆ రోజు నుంచి మిర్వా ఇంకో మనిషైపోయింది. సెలవు పెట్టింది. పొద్దున్నే రక్తం చుక్క తీసి షుగర్ చూసేది, రాత్రి పడుకునే ముందు మళ్లీ చూసేది. ముమ్మో కంచంలో ఎంత మిగిల్చిందో చూసేది. కాఫీ కప్పు ఎత్తేటప్పుడు చెయ్యి వణుకుతోందా అని చూసేది. స్నానాల గదికి వెళ్తే తలుపు బయట నిలబడేది. ముమ్మో కునుకు తీస్తుంటే దుప్పటి అంచు పైకెత్తి పాదాల రంగు చూసేది. ఒకసారి అలా ఎత్తినప్పుడు ముమ్మో కళ్లు తెరిచే ఉన్నాయి.

"ఇంకా ఎనిమిదున్నాయి. లెక్కపెట్టుకున్నావా?" అంది.

మిర్వా దుప్పటి కప్పేసింది.

"అమ్మా, కాస్త ఊపిరి తీసుకోనివ్వు ఆవిడని," అంది సేన్యా వంటింట్లో. "ముమ్మో తుమ్మితే కూడా నువ్వు వచ్చి చూస్తున్నావు."

"అప్పుడు చూడలేదనే కదా ఇదంతా."

"అది నీ బాధ. దాన్ని ముమ్మో మీద రుద్దుతున్నావు."

"పిల్లవి, నీకేం తెలుసు," అంది మిర్వా. కానీ ఆ మాట ఆమెను వదల్లేదు. రుద్దుతున్నానా? అయినా పక్క గదిలో కుర్చీ కిర్రుమంటే ఆమె కాళ్లు వాటంతటవే అటు నడిచేవి. చూడకుండా ఉండటం ఇక ఆమె వల్ల కాదు. ఒక్కసారి చూడకుండా పోయినందుకు ఏమైందో కళ్లారా చూసింది.

సొంత మనుషుల్ని తనే అంచనా కట్టకూడదు కాబట్టి, ముమ్మోకి ఏ సాయం కావాలో తేల్చడానికి హేలి వచ్చింది. బల్ల దగ్గర కూర్చుంది. కాఫీ కాచడానికి ముమ్మో వాకరు పట్టుకుని లేచింది. మిర్వా సాయానికి లేవబోతే హేలి కంటితోనే వద్దంది. చూడాలి కదా. తను నేర్పిందే. ముమ్మో నీళ్లు పోసింది, కొన్ని ఒలికాయి, కాఫీ పొడి వేసింది, స్విచ్ నొక్కింది. కప్పులు ఒక్కొక్కటిగా తెచ్చింది. ఎంతసేపు పట్టిందో. మిర్వా లేవకుండా కుర్చీ అంచు పట్టుకుని కూర్చుంది.

హేలి కాఫీ ఒక గుక్క తాగి, గొంతు సవరించుకుని, "సౌనాకి ఒంటరిగా వెళ్తున్నారా ఎల్వీ గారూ?" అని అడిగింది.

అడిగాక తనే ఎర్రబడింది. ఇల్కా కిటికీలోంచి బయటికి చూశాడు. ముమ్మో మాత్రం నవ్వేసింది.

"ఆ ప్రశ్న ఈ ఇంట్లోదే అమ్మాయీ. ఈ బల్ల మీదే తయారైంది." తర్వాత నవ్వు ఆపి, "లేదు," అంది. "పోవడం లేదు. ఎండాకాలం నుంచి పోలేదు."

హేలి రెండు దారులూ చెప్పింది. రోజుకు రెండుసార్లు ఎవరైనా వచ్చి కట్టు మార్చి మందులు ఇచ్చి వెళ్తే ఇంట్లోనే ఉండొచ్చు, మిర్వా కూడా ఉంది కాబట్టి. లేదంటే చర్చి వీధి.

"ఇంట్లోనే," అంది మిర్వా వెంటనే. "నేను సగం పని తగ్గించుకుంటాను. పై అధికారితో మాట్లాడాను కూడా. నేను చూసుకుంటాను."

"అమ్మ ఎక్కడికీ పోదు," అన్నాడు ఇల్కా.

ముమ్మో కాఫీ పాత్ర అందుకుంది. "ఆదివారం దాకా ఆలోచించుకోనివ్వండి," అని, హేలి కప్పులో ఇంకొంచెం కాఫీ పోసింది.

వెళ్లేటప్పుడు హేలి గుమ్మం దగ్గర మిర్వా చెయ్యి పట్టుకుంది. "నేను వేరేగా అడగాల్సింది," అంది.

"లేదు. సరిగ్గానే అడిగావు. ప్రశ్న మంచిదే," అంది మిర్వా. "ముమ్మో వినే చోట నేనే నోరు అదుపులో పెట్టుకోలేకపోయాను."

*

ఆదివారం మిర్వా పొద్దున్నే మాంసం కూరను అవెన్‌లో పెట్టింది. మధ్యాహ్నానికి ఇల్లంతా మిరియాల వాసన. నలుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. ముమ్మో ఉడికిన దుంప తొక్క తీసుకుంటోంది, చిన్న చాకుతో, తొందర లేకుండా. మిర్వా ఆ చాకు వైపే చూస్తోందని ఆమెకు తెలుసు. మిర్వాకీ తెలుసు, అయినా కళ్లు తిప్పుకోలేకపోయింది.

"వెన్న ఇటివ్వు ఇల్కా," అంది ముమ్మో. అందుకుని, దుంప మీద రాసుకుంటూ, "రేపు హేలి వస్తుంది. చర్చి వీధిలో ఒక గది ఉందట, కిటికీ సరస్సు వైపు. నేను తీసుకుంటానని చెప్పాను," అంది.

ఇల్కా చేతిలోని ఫోర్కు కంచంలో పెట్టేశాడు.

"నువ్వే ఫోన్ చేశావా?" అన్నాడు.

"చేశాను. నాకు వేళ్లు పోయింది కాలికి, చేతికి కాదు."

"అమ్మా, ఇది నీ ఇల్లు. నాన్న కట్టిన ఇల్లు."

"కట్టాడు. ఇక్కడే ఉంటుంది, ఎక్కడికి పోతుంది?" ముమ్మో దుంప ముక్క నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది. "ఆసుపత్రిలో ఒక నర్సు నా కాళ్లు కడిగేది. కడుగుతూ తన కుక్క గురించి చెప్పేది. ఆ కుక్కకు పిల్లులంటే భయమట. కాళ్లు చూసేది, అన్నీ చూసేది, అయ్యాక ఇంటికి పోయేది. నాకు హాయిగా ఉండేది. ఇక్కడ మీరు నన్ను అన్నం తింటూ చూస్తున్నారు. నేను చెంచా ఎత్తితే చెయ్యి చూస్తున్నారు. దించితే కంచం చూస్తున్నారు."

సేన్యా తల దించుకుంది. ఆమె కళ్లలోంచి నీళ్లు కారి కంచంలో పడ్డాయి. తుడుచుకోలేదు.

"నా వల్లేనా?" అంది మిర్వా. అడిగింది గానీ, కాదంటుందేమోనన్న ఆశ ఆ మాటలో ఉందని ఆమెకే వినిపించింది.

ముమ్మో చాకు పక్కన పెట్టి కోడలి ముఖంలోకి చూసింది. అబద్ధం చెప్పడానికి వెతుక్కుంటున్నట్టు కాదు, నిజం ఎంతో కొలుస్తున్నట్టు చూసింది.

"కొంత," అంది. "కొంత నా వల్ల. నేనూ నోరు తెరిచి చెప్పి ఉండొచ్చు. చెప్పలేదు."

మిర్వా తల ఊపింది. కొంత అన్న మాట లోపలికి దిగి అక్కడే నిలిచింది.

"రేపు ఇల్కా నన్ను కారులో తీసుకెళ్తాడు," అంది ముమ్మో. "సేన్యా నా బట్టలు సర్దుతుంది, పూలకుండీలు కూడా. నువ్వు రావద్దు మిర్వా. వస్తే అక్కడి మంచం ఎత్తు చూస్తావు, స్నానాల గదిలో నేల జారుతుందా అని చూస్తావు. ఓ వారం పోయాక రా. కాఫీకి రా."

"సరే," అంది మిర్వా.

"కూర చల్లారిపోతోంది, తినండి," అంది ముమ్మో.